నికాన్ జెడ్ 40 ఎంఎం ఎఫ్/2: కొన్నవాళ్ల మాటల్లో మీకు పనికొచ్చేవేవో తేల్చుకునే పద్ధతి

ఈ లెన్సు వాడినవాళ్లను అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకరు "ఇది తగిలించాక కెమెరా మీద నుంచి తీయబుద్ధి కాలేదు" అంటారు. ఇంకొకరు "ఎఫ్/2లో అంతా పదును లేకుండా మెత్తగా వస్తోంది, అమ్మేశాను" అంటారు. ఇద్దరి మాటా నిజమే. మొదటాయన రెండు మూడు మీటర్ల దూరంలో మనుషుల్ని తీసి ఉంటాడు. రెండో ఆయన అడుగు దూరం నుంచి కాఫీ కప్పునో పసిబిడ్డ కళ్లనో ఎఫ్/2లో తీసి ఉంటాడు. దూరం మారినా అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం; ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) మారినా ఈ లెన్సు తీరు బాగా మారిపోతుంది. కాబట్టి ఎవరి అభిప్రాయం చదివినా ముందు మూడు సంగతులు వెతకండి: ఏ బాడీ (కెమెరా) మీద వాడారు, ఎంత దూరం నుంచి తీశారు, ఏ అపర్చర్‌లో తీశారు. ఈ మూడూ చెప్పని పొగడ్తనూ తిట్టునూ ఒకేలా పక్కన పెట్టేయొచ్చు.

ముందు వస్తువు ఏమిటో చూద్దాం. 2021 సెప్టెంబరులో ప్రకటించారు, అమెరికాలో విడుదల ధర 299.95 డాలర్లు. బరువు సుమారు 170 గ్రాములు, పొడవు 45.5 మి.మీ. లోపల 4 గ్రూపుల్లో 6 గాజులు, వాటిలో 2 ఆస్ఫెరికల్ (పూర్తి గోళాకారం కాని వంపు ఉన్నవి). అపర్చర్ బ్లేడ్లు 9. అతి దగ్గరి ఫోకస్ 29 సెం.మీ., ఫిల్టర్ సైజు 52 మి.మీ. లెన్సులో వీఆర్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) లేదు, ఏఎఫ్/ఎంఎఫ్ (ఆటో ఫోకస్, చేతి ఫోకస్) స్విచ్ లేదు, పెట్టెలో హుడ్ (ఎండ అడ్డు) రాదు, మౌంట్ (కెమెరాకు బిగించే భాగం) ప్లాస్టిక్‌ది. పాత ఫిల్మ్ కాలపు లెన్సులా కనబడే ఎస్ఈ రకం కూడా ఉంది. 2023లో వచ్చిన జెడ్ఎఫ్ కెమెరాతో కిట్‌గా ఇచ్చింది అదే. లోపలి గాజు రెండింటిలోనూ ఒకటే, ఎస్ఈకి ఎక్కువ డబ్బు పెడితే ఆ ఎక్కువంతా అందానికే.

దీన్ని పోల్చేది ఎక్కువగా నికాన్‌దే మరో లెన్సు జెడ్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌తో. అందులో 12 గాజులు, బరువు 415 గ్రాములు. 6 గాజుల లెన్సు నుంచి 12 గాజుల పనితనం ఆశించడం దగ్గరే చాలా ఫిర్యాదులు పుడుతున్నాయి.

కొనకముందు: 40 ఎంఎం మీకు సరిపోతుందా?

దీనికి డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. మీ దగ్గరున్న కిట్ జూమ్‌ను (కెమెరాతో కలిపి వచ్చే జూమ్ లెన్సును) 40 దగ్గర పెట్టి, రింగు తిరగకుండా కాగితపు టేపు అంటించండి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరా వాళ్లకు 24-70 ఎఫ్/4 గానీ 24-50 గానీ, డీఎక్స్ (చిన్న సెన్సార్) కెమెరా వాళ్లకు 16-50 గానీ చాలు. వారం రోజులు అలాగే తీయండి. టేపు పీకేయాలనిపించిన ప్రతిసారీ ఎందుకో రాసుకోండి: వెనక్కి జరగడానికి చోటు లేకనా, ఎదుటిది చిన్నగా కనబడా? ఒకే కారణం పదేపదే వస్తుంటే ఎవరి అభిప్రాయమూ చదవనక్కర్లేదు, జవాబు మీ కాగితంలోనే ఉంది.

చోటు లెక్క కూడా చూసుకోండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాను నిలువుగా పట్టుకుంటే 2 మీటర్ల దూరంలో సుమారు 1.75 మీటర్ల ఎత్తు ఫ్రేములో పడుతుంది. అంటే నిలబడిన మనిషిని తలపైన కాస్త ఖాళీతో తీయడానికి ఏడున్నర అడుగుల దూరం కావాలి. అదే లెన్సు జెడ్50, జెడ్ ఎఫ్‌సి, జెడ్30 లాంటి డీఎక్స్ బాడీ మీద 60 ఎంఎంలా పనిచేస్తుంది. 2 మీటర్ల దగ్గర పడేది 1.15 మీటర్లే. నిలువెత్తు మనిషికి పది పదకొండు అడుగులు వెనక్కి వెళ్లాలి. పన్నెండడుగుల హాల్లో సోఫా, టీవీ బల్ల పోగా అంత చోటు మిగలదు. పక్కపక్కన నిలబడ్డ కుటుంబాన్ని 3 మీటర్ల నుంచి అడ్డంగా తీస్తే ఫుల్‌ఫ్రేమ్‌లో అయిదుగురు పడతారు, డీఎక్స్‌లో ముగ్గురే.

అందుకని డీఎక్స్ బాడీతో ఇంట్లో పిల్లల్ని, ఇంటి ఫంక్షన్లను తీయాలనుకునేవాళ్లకు ఈ లెన్సు మొదటి ఎంపిక కాకూడదు. డీఎక్స్ 24 ఎంఎం ఎఫ్/1.7 ముందు చూడండి. డీఎక్స్ మీద 40 బాగా పనికొచ్చేది నడుము పైనుంచి తీసే పోర్ట్రెయిట్లకు. ఆ పనికి మాత్రం ఈ ధరలో చక్కని లెన్సు.

కిట్ జూమ్ నుంచి మారితే దక్కేది వెలుతురు. డీఎక్స్ 16-50 జూమ్ 50 చివర ఎఫ్/6.3కి పడిపోతుంది. అక్కడి నుంచి ఎఫ్/2 అంటే మూడు స్టాపులకు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) పైనే, అంటే ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) 6400 దగ్గర తీసే ఫొటో ఐఎస్ఓ 640 దగ్గర వస్తుంది. ట్యూబ్‌లైటు కింద తీసే ఫొటోలో ఆ తేడా ఎవరికైనా కనబడుతుంది. ఎఫ్/4 జూమ్ నుంచి మారేవాళ్లకు దక్కేది రెండు స్టాపులు.

చేతికొచ్చిన వారంలో చేయాల్సిన రెండు పరీక్షలు

వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే ఇవి చేసేయండి. రా ఫైళ్లుగా (కెమెరా దిద్దని ముడి ఫొటోలుగా) తీయండి.

మొదటిది, గాజులు సూటిగా కూర్చున్నాయా లేదా అన్నది. ఒక గాజు కాస్త పక్కకు ఒరిగినా ఫ్రేములో ఒక వైపు మెత్తగా వస్తుంది. ఇది ఏ కంపెనీ లెన్సులోనైనా అప్పుడప్పుడూ ఉండే లోపమే.

1. కనీసం ముప్పై నలభై మీటర్ల దూరంలో ఉన్న అపార్ట్‌మెంటును ఎదురుగా నిలబడి తీయండి. కిటికీలు, గ్రిల్స్ ఫ్రేము నాలుగు మూలల దాకా ఉండాలి. దగ్గరి గోడ వద్దు. కెమెరా ఏమాత్రం ఏటవాలుగా ఉన్నా తప్పు లెన్సు మీద పడుతుంది.

2. ట్రైపాడ్, ఐఎస్ఓ 100, రెండు సెకన్ల టైమర్, బాడీలో వీఆర్ ఉంటే ఆపేయండి. మధ్యలో ఫోకస్ చేసి, మెనూలో ఎంఎఫ్‌కి మార్చండి. అక్కడి నుంచి రింగు తాకకండి, కెమెరా ఆపకండి. ఈ లెన్సులో రింగు మోటారుకు కబురు పంపుతుందంతే, వేలు తగిలినా ఫోకస్ కదులుతుంది.

3. ఎఫ్/2, 2.8, 4, 5.6, 8 వరుసగా తీయండి. నడి ఎండలో ఎఫ్/2కి షట్టర్ 1/4000 దాటిపోతుంది. జెడ్50, జెడ్ ఎఫ్‌సి అక్కడితో ఆగిపోతాయి. సాయంత్రం నాలుగు దాటాక తీయడం మేలు.

4. ఏదైనా మూల అనుమానంగా ఉంటే కెమెరాను తలకిందులుగా పట్టుకుని, చేత్తోనే, 1/1000 షట్టర్‌తో అదే భవనాన్ని మళ్లీ తీయండి. మెత్తదనం ఇంతకుముందున్న కిటికీల దగ్గరే ఉంటే అది దృశ్యం వల్ల, లేదా మీరు ఏటవాలుగా నిలబడటం వల్ల. భవనంలో ఎదురు మూలకు మారిపోతే లెన్సుదే లోపం.

ఎఫ్/2లో నాలుగు మూలలూ చీకటిగా, మెత్తగా ఉండటం ఈ లెన్సు సహజం. దాన్ని పట్టుకుని సర్వీస్ సెంటరుకు వెళ్తే ఎవరూ లోపం కింద రాసుకోరు. ఎఫ్/4కి బాగుపడి, ఎఫ్/5.6కి మూలలు కూడా తేరుకోవాలి. ఎఫ్/5.6లో ఎడమ మూలలో గ్రిల్ ఊచలు విడివిడిగా ఉండి, కుడి మూలలో కలిసిపోతే మాత్రం మొహమాటపడకుండా మార్పించుకోండి. చూపించాల్సింది ఎఫ్/5.6 ఫొటో, తలకిందుల ఫొటో. ఎఫ్/2 ఫొటో చూపిస్తే వాదన దారి తప్పుతుంది.

రెండోది న్యూస్‌పేపర్ పరీక్ష. కొన్నవాళ్ల గొడవంతా దీంట్లోనే తేలిపోతుంది. పేపరును గోడకు చదునుగా అంటించి 30 సెం.మీ. దూరం నుంచి ఎఫ్/2, 2.8, 4లలో తీయండి. తరవాత మీటరున్నర దూరం నుంచి అవే మూడు. దగ్గరి ఎఫ్/2 ఫొటోలో అక్షరం ఉంటుంది కానీ దాని చుట్టూ సన్నని పొగలాంటి కాంతి పరుచుకుని నలుపు బూడిదగా కనబడుతుంది. ఎఫ్/2.8కి ఆ పొగ చాలావరకు పోతుంది, ఎఫ్/4కి అక్షరం నల్లగా నిలబడుతుంది. మీటరున్నర దూరంలో ఎఫ్/2 కూడా దగ్గరిదానికంటే స్పష్టంగా మెరుగ్గా ఉంటుంది.

కారణం స్ఫెరికల్ అబెరేషన్. గాజు అంచుల గుండా వచ్చే కిరణాలు, మధ్యలోంచి వచ్చేవి ఒకే చోట కలవవు. ఇంత తక్కువ గాజులతో ఈ తేడాను దూరపు ఫోకస్‌కి సరిచేస్తే దగ్గర పెరుగుతుంది. అపర్చర్ మూస్తే అంచు కిరణాలు ఆగిపోతాయి, అందుకే ఒక్క స్టాపుకే అంత మార్పు. పెద్ద లెన్సుల్లో దీన్ని దిద్దడానికి అదనపు గాజులు, ఒక్కోసారి రెండో ఫోకస్ మోటారు పెడతారు. బరువు, ధర పెరిగేది అక్కడే.

ఈ పొగను ఫోకస్ తప్పడంతో కలిపేసుకోకండి. ఫొటోలో వెనకో ముందో ఏదో ఒకటి పదునుగా ఉంటే ఫోకస్ తప్పినట్టు. ఎక్కడా పూర్తి పదును లేకుండా, గీతలు ఉన్నా వాటి మీద వెలుగు పొర కమ్మి ఉంటే అది లెన్సు తీరు. 30 సెం.మీ. దగ్గర ఎఫ్/2లో ఫోకస్ మందం (పదునుగా కనబడే లోతు) ఫుల్‌ఫ్రేమ్ మీద 6 మి.మీ. మాత్రమే, ఊపిరి పీల్చినా మనిషి అంతకంటే ఎక్కువ ఊగుతాడు. మీటరు దగ్గర 7 సెం.మీ., రెండు మీటర్ల దగ్గర 30 సెం.మీ. దగ్గర్నుంచి చేత్తో తీసేటప్పుడు ఏఎఫ్-సి (ఆగకుండా ఫోకస్ సరిచేస్తూ ఉండే పద్ధతి) పెట్టి మూడు నాలుగు ఫ్రేములు వరసగా కొట్టండి.

ఇంకో మాట. నికాన్ జెడ్ కెమెరాలు ఫొటోలకు ఎఫ్/5.6 దాకా మీరు పెట్టిన అపర్చర్‌లోనే ఫోకస్ చేస్తాయి. పాత డీఎస్ఎల్ఆర్‌లలో అపర్చర్ మూసినప్పుడు ఫోకస్ జరిగిపోయిందని చెప్పుకునే బాధ ఆటోఫోకస్ వాడితే ఇక్కడ లెక్కలోకి రాదు.

ఏ పనికి ఏ సెట్టింగు

పిల్లలు, ఇంట్లో: 1 నుంచి 2 మీటర్ల దూరం, ఎఫ్/2.2 లేదా 2.5. ఎఫ్/2 నుంచి కాస్త జరిపితే కళ్ల దగ్గర పదును వస్తుంది, వెనక కర్టెన్ ఎలాగూ కరిగిపోతుంది. షట్టర్ 1/250, పరుగెడుతుంటే 1/500. లెన్సులో వీఆర్ లేదు, పైన చెప్పిన డీఎక్స్ బాడీల్లోనూ లేదు కాబట్టి వాటి మీద కదలని మనిషికి కూడా 1/125 కిందికి దిగొద్దు. బాడీలోనే వీఆర్ ఉన్న జెడ్5, జెడ్6లలో 1/15 దాకా చేతులు నిలబడొచ్చు, కానీ ఎదుటి మనిషి నిలబడడు.

పెళ్లి మండపం: వేదిక కింద నుంచి 3 మీటర్ల దూరంలో ఎఫ్/2 పూర్తిగా తెరిచి వాడుకోవచ్చు, అక్కడ ఫోకస్ మందం 65 సెం.మీ. దాకా ఉంటుంది. తలంబ్రాలప్పుడు ఇద్దరూ అందులోనే ఉంటారు. ఎల్ఈడీ అలంకరణ ఉన్న చోట సైలెంట్ షట్టర్ ఆపేయండి, చారలొస్తాయి; ఆ తప్పు లెన్సుది కాదు.

నగలు, మెహందీ, వంటకాలు: ఇక్కడ ఎఫ్/2 వాడారంటే లెన్సును తిట్టుకోవడానికే. ఎఫ్/5.6 పెట్టండి, దగ్గరగా వెళ్తే ఎఫ్/8. అతి దగ్గరలో కూడా ఫ్రేములో పడేది సుమారు 21 సెం.మీ. వెడల్పు, విస్తరి మధ్యభాగం నిండుగా వస్తుంది, ముక్కుపుడక మాత్రం రాదు. దానికి మాక్రో లెన్సే కావాలి.

వెండి సామాను, జరీ అంచు, ఎండలో తెల్లచొక్కా లాంటివి ఎఫ్/2లో తీస్తే ఫోకస్‌కు ముందున్న అంచులకు ఊదా, వెనకున్న అంచులకు ఆకుపచ్చ రంగు అంటుకుంటాయి. ఎఫ్/4కి చాలావరకు తగ్గుతుంది. ఎడిటింగ్‌లో డీఫ్రింజ్ స్లైడర్‌తో తీసేయొచ్చు గానీ ఎక్కువ లాగితే పట్టుచీర అసలు రంగే చస్తుంది.

రాత్రి గోపురం మీది బల్బుల వరసలు ఫ్రేము మూలల్లో ఎఫ్/2కి రెక్కలు విప్పిన పిట్టల్లా వస్తాయి. ట్రైపాడ్ ఉంటే ఎఫ్/5.6. ఎఫ్/11 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం అంచుల దగ్గర కాంతి చెదరడం) వల్ల పదును తగ్గుతుంది, 45 మెగాపిక్సెల్ బాడీల్లో అది తొందరగా తెలుస్తుంది.

వెనక బొకే (ఫోకస్‌లో లేని భాగం కరిగిపోయే తీరు) గురించి కొన్నవాళ్లలో ఏకాభిప్రాయం లేదు, రాదు కూడా. ఎఫ్/2లో మధ్యలో లైట్లు గుండ్రంగా, అంచుల్లో బాదంకాయల్లా నొక్కుకుపోయి వస్తాయి. ఎఫ్/2.8కి గుండ్రమవుతాయి. చెట్ల ఆకులు వెనక ఉంటే కాస్త గజిబిజి కనబడుతుంది. మనిషిని చెట్టుకు దూరంగా, ముందుకు తెచ్చి నిలబెడితే సగం సమస్య పోతుంది.

వీడియోకి ఇది ధరకు మించిన లెన్సు. ఫోకస్ మారుతున్నప్పుడు ఫ్రేము వెడల్పు పెద్దగా మారదు, మోటారు చప్పుడు తక్కువ. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. నడి ఎండలో ఐఎస్ఓ 100, 1/50 దగ్గర ఎఫ్/4 వాడాలంటే అయిదు స్టాపులు తగ్గించాలి, అంటే 52 మి.మీ. ఎన్‌డీ32 (వెలుతురు తగ్గించే) ఫిల్టర్. ఐఎస్ఓ 100కు దిగని లాగ్ ప్రొఫైల్ (తరవాత ఎడిటింగ్‌లో రంగులు దిద్దుకోవడానికి తీసే వీడియో పద్ధతి) వాడితే ఇంకా ముదురుది కావాలి.

ఒక్క రింగు, హుడ్, వాన

ఉన్న ఒక్క రింగుకి కస్టమ్ కంట్రోల్స్‌లో అపర్చర్, ఐఎస్ఓ, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును పెంచి తగ్గించే సెట్టింగు)లలో ఏదైనా అప్పగించొచ్చు. నాలుగు ఫొటోలు సరిగ్గా వచ్చి, అయిదోది హఠాత్తుగా నల్లగా వచ్చిందనే ఫిర్యాదుకు తరచుగా కారణం ఇదే. లెన్సు పొట్టిది, రింగు వెడల్పుది, పట్టుకునేటప్పుడు వేళ్లు దాని మీదే పడతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ దీనికి ఇవ్వకండి. పెళ్లి తీస్తుంటే రింగును పనిచేయకుండా చేసేయడమే క్షేమం. ఏఎఫ్ నుంచి ఎంఎఫ్‌కి మార్చడాన్ని ఐ మెనూలో గానీ ఏదైనా ఎఫ్ఎన్ బటన్‌కు గానీ పెట్టుకుంటే స్విచ్ లేని లోటు తీరుతుంది.

ఎదురెండలో కాంట్రాస్ట్ పడిపోవడం, ఆకుపచ్చ మచ్చలు రావడం నిజమే. 52 మి.మీ. మర హుడ్ ఒకటి కొనండి. బిగించాక తెల్ల గోడను ఎఫ్/16లో, దూరపు ఫోకస్‌లో తీసి మూలలు చూడండి; నల్లని గట్టి అంచు కనబడితే హుడ్ ఎక్కువ లోతుది. హుడ్, ఫిల్టర్ ఒకదాని మీద ఒకటి పెట్టేవాళ్లు ఈ పరీక్ష తప్పక చేయాలి. చవక యూవీ ఫిల్టర్ వల్ల మచ్చలు పెరుగుతాయి. విశాఖ బీచ్‌లో ఉప్పునీటి తుంపరలు పడే చోట తప్ప దాని అవసరం లేదు.

దుమ్ము, తుంపర ఆగేలా లెన్సును కొంతవరకు కట్టారు గానీ మౌంట్ చుట్టూ రబ్బరు రింగు లేదు. నీరు దిగేది అక్కడి నుంచే. చినుకుల్లో కెమెరా మీద కవరో గొడుగో ఉండాల్సిందే. ప్లాస్టిక్ మౌంట్ గురించి వినబడే భయం మాత్రం అవసరానికి మించింది. 170 గ్రాముల బరువు మోయడానికి అది చాలు.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకు

మీ బాడీ, ఒక చిన్న టార్చి పట్టుకెళ్లండి. మౌంట్ మీది ప్లాస్టిక్ పళ్లు అరిగాయా, పగుళ్లున్నాయా చూడండి. బిగించాక చేత్తో తిప్పి చూస్తే క్లిక్‌మని కూర్చుని కదలకుండా ఉండాలి. 11 పిన్నులూ మెరుస్తూ ఉండాలి. మసకగా ఉంటే పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, బాడీ ఎర్రర్ చూపుతోందేమో చూడండి. టార్చి వెనక నుంచి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. రెండు మూడు దుమ్ము రేణువులు పట్టించుకోనక్కర్లేదు. సాలెగూడులా పాకిన సన్నని పోగులు కనిపిస్తే అది బూజు. ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. కాకినాడ, విశాఖ లాంటి కోస్తా ఊళ్లలో వాడిన లెన్సుకు ఈ పరీక్ష మరీ ముఖ్యం. కొత్తది కొంటున్నా జీఎస్టీ బిల్లు, ఇండియా వారంటీ కార్డు అడగండి. అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లు ఇక్కడ వారంటీ వర్తిస్తుందా అని ముందే కనుక్కోవాలి, లేకపోతే పైన చెప్పిన భవనం పరీక్ష అక్కడే చేయించి మరీ పంపించమనాలి.

ఇంట్లో దాచడానికి మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా, చిన్న తేమ మీటరు, సిలికా జెల్ చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. జెల్ రంగు మారగానే 120 డిగ్రీల ఓవెన్‌లో గంటా రెండు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచొద్దు, అది తేమను పట్టి ఉంచుతుంది. ఏసీ గదిలోంచి వానాకాలపు ఉక్కలోకి తీసుకెళ్లేటప్పుడు కెమెరాను బ్యాగులోనే జిప్పు వేసి అరగంట ఉంచండి. గాజు మీద పట్టిన చెమ్మను వెంటనే తుడవబోతే పూత మీద గీతలు పడతాయి.